వాసన భరించలేక

పద్నాలుగో భాగం

పోయిన వారం మీరు నన్ను మా వాకిట్లో, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని నిలబడ్డదాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఆదివారం, పదకొండు గంటలు, సన్నగా వాన. ముక్కు మీంచి చెయ్యి మాత్రం తీసేశాను. రెండు చేతులూ కావలసిన పని ఎదురుగా కనబడింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నా పేరు ప్రసూన. బిలాస్‌పూర్‌లో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాను. నాలుగేళ్ళుగా నా పని వానపాముల ఒంట్లోంచి రసం తీసి, అది సూక్ష్మజీవుల్ని ఎలా చంపుతుందో చూడటం. మా నాన్న ఎర్రయ్య లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత రైల్వేలోకి వచ్చాడు, మేం లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కనే ఉండిపోయాం. అమ్మ తమ్ముడు రమణబాబు, మా మావయ్య, ఇదే ఊళ్ళో తోర్వాలో వానపాముల ఎరువు అమ్ముతాడు. ఎరువుతో ఆగక, వాటి రసం పిండి 'భూనాగ రసం' అని సీసాల్లో నింపి, మానని పుండ్ల మీద పూసుకోమని అమ్ముతున్నాడు. సీసా మీద నా ఫోటో, నా పేరు, నా థీసిస్‌లోని ఒక పేజీ. థీసిస్ పని వల్ల రెండు వారాలుగా హాస్టల్లోనే ఉన్నదాన్ని, ఇవాళ పొద్దున్నే ఈ ఘనకార్యం కనిపెట్టి, ఒక సీసా లాక్కుని ఇంటికొచ్చాను. వస్తే మా వాకిట్లోనే అదే వాసన.

ఆ వాసన సంగతి చెబితే మీరు భోజనం మానేస్తారు, అయినా చెబుతాను. ఎరువు తొట్లలో పెరిగే ఆ ఎర్ర వానపాముని కంగారు పెడితే, వీపు మీది సన్నటి రంధ్రాల్లోంచి పసుప్పచ్చటి జిగురు కారుస్తుంది. తినడానికి వచ్చినవాడి నోరు పాడుచెయ్యడానికి దానికి ఉన్నది అదొక్కటే. కుళ్ళిన వెల్లుల్లి వాసన. చేతికంటితే మూడు సబ్బులకి కూడా పోదు. మా మావయ్య దాని మీద కర్పూరం, పసుపు కలిపాడు. పెంటకుప్ప మీద అగరొత్తులు వెలిగించినట్టు, రెండూ కలిసి గొంతులోకి దిగుతున్నాయి.

నాన్న వరండాలో కుర్చీలో కూచుని ఎడమ కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. పాదానికి గుడ్డ కట్టు. గుడ్డంతా పసుపు మరకలు.

"ఏటే అలా నిలబడిపోనావు? తడిసిపోతన్నావు, లోపలికి రా," అంది అమ్మ.

"నాన్నా, ఆ కట్టేటి?"

"ఏటీ నేదు పాపా. బూటు కరిసింది. మానిపోతంది."

"ఎన్నాళ్ళయింది?"

నాన్న వాన వైపు చూశాడు. అమ్మే చెప్పింది. "పదకొండు రోజులు. నీకు సెప్పొద్దన్నాడు, రాతపనిలో ఉన్నావని. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి పూత పూస్తన్నాను. నీ మందే గదా అని."

నీ మందే. ఆ రెండు మాటలకి చేతిలో సీసా కింద పెట్టేశాను. ఎందుకో మీకు చెప్పాలి. నిన్న శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు, పచ్చి రసాన్ని మేక రక్తంలో కలిపి చూశాను. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. పది నిమిషాల్లో రక్తకణం ఒక్కటి మిగల్లేదు. అన్నాళ్ళూ ఎందుకు చూడలేదంటే, ఆ కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంకాసేపట్లో ఎలాగూ చెప్పక తప్పదు.

కింద కూచుని కట్టు విప్పాను. సీసాలో రసాన్ని పరీక్షించడానికని దారిలో మందుల షాపులో సెలైన్ సీసాలు కొన్నాను, మంచిపనైంది. గుడ్డ పుండుకి అతుక్కుపోయింది. సెలైన్ పోసి నానబెట్టి మెల్లగా లాగితే ఒక పొర దాంతోపాటే ఊడి వచ్చింది. అమ్మ మొహం తిప్పుకుంది. పుండు అంచులు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. మధ్యవేలు గోరు నుంచి మొదలు దాకా వంకాయ రంగులోకి తిరిగింది. ఇవన్నీ షుగరున్నవాళ్ళ కాలికి వచ్చేవే. నన్ను భయపెట్టింది వేరే. పుండులోంచి చీము రావడం లేదు. పల్చటి, తేటటి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. అచ్చం ఆ ఎరుపే నిన్న నా గాజు గొట్టంలో చూశాను.

"సూసినావా?" అన్నాడు నాన్న. "ఎలా లాగేస్తందో! లోపలున్న సెడ్డంతా కక్కించేస్తంది. నీ పనే పని పాపా."

నాలుగేళ్ళు వానపాములు పిండినదాన్ని, మేక రక్తం డబ్బాలో మోసుకెళ్ళినదాన్ని, ఎన్నడూ వాంతి చేసుకోలేదు. ఆ మాట విని పెరటి వైపు పరుగెత్తాను.

తిరిగొచ్చి, మొహం తుడుచుకుని అడిగాను. "రైల్వే ఆసుపత్రికి ఎందుకెళ్ళలేదు?"

"ఎల్తే ఏటవుద్ది? సుగరు, కాలు మీద పుండు. డాక్టరు సూడగానే అన్‌ఫిట్ రాసేత్తాడు. షెడ్డులోంచి తీసేసి స్టోర్లో కుర్చీ ఏస్తారు. ముప్పై నాలుగేళ్ళు ఇంజను కింద పడుకున్నోడిని. ఇంకో రెండేళ్ళుంది. పనోడిగానే దిగిపోతానే పాపా."

"మరి నా పేజీ మావయ్యకి ఎవరిచ్చారు?" పొద్దుట్నుంచీ ల్యాబ్‌లో ఒక్కొక్కరినీ మనసులో తిట్టుకుంటూ వచ్చాను.

నాన్న నవ్వాడు. కాలు అలా ఉన్న మనిషి మొహం వెలిగిపోతూ నవ్వాడు. "నానే. నువ్వు టేబులు మీద పెట్టి ఎల్లినావు గదా, తెలిపారా బజారుకెల్లి జెరాక్స్ తీయించినాను. షెడ్డులో అందరికీ సూపించినాను. సన్యాసిరావైతే దండం పెట్టినాడు దానికి. రమణగాడు అడిగితే ఒకటి ఇచ్చినాను. తప్పేటి?"

తప్పేమిటో చెప్పడానికి నోరు తెరిచాను. గేటు దగ్గర స్కూటీ ఆగింది.

*

రమణబాబు మావయ్య ప్లాస్టిక్ రెయిన్‌కోటుతో సహా లోపలికి వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. గోళ్ళ కింద నల్లటి ఎరువు. ఆ వేళ్ళతోనే పొట్లం విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, ఒకటి నాకిచ్చాడు. నేను తీసుకోలేదు.

"ఏటి కోడలు పిల్లా, సీసా లాక్కుని పారిపోయొచ్చినావు? అడిగితే డజను ఇచ్చీవోడ్ని గదా! బావా, కాలెలా ఉంది? అరె వాహ్, ఎర్రగా తేలింది. లోపలి రక్తం శుద్ధి అయిపోతంది."

"మావయ్యా, దీన్ని అమ్మడం ఇవాళే ఆపెయ్. ఇది మనిషి రక్తాన్ని పగలగొడుతుంది."

"అచ్ఛా?" వేళ్ళు నాక్కున్నాడు. ఆ వేళ్ళని. "మరి నువ్వేటి రాసినావు? రోగాన్ని సంపుద్ది, రక్తకణాలకి హాని నేదు అని రాసినావు. నా అంతట నాను రాసుకున్నానేటి? సంతకం నీది. కింద మీ సారు రాఘవయ్య గారిది."

"తప్పు రాశాను."

నాన్న నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"తప్పేటి పాపా?" అన్నాడు. "నాలుగేళ్ళు సేసినావు గదా."

"నాకు తెల్సు బావా," అన్నాడు మావయ్య. "ఇప్పుడు సొంతంగా యాపారం పెట్టుకుందారని సూస్తంది. పెద్ద సదువులు సదివినాక మావతో ఏటి పని?"

ఇలాంటి మనిషితో నోటితో వాదిస్తే మన నోరే కంపు కొడుతుంది. "మాటలొద్దు. ఇక్కడే, మీ అందరి ముందే చేసి చూపిస్తాను," అన్నాను. "ఆ సీసా మందు ముట్టుకోను. ముట్టుకుంటే కర్పూరం వల్ల అంటావు, పసుపు వల్ల అంటావు. పచ్చి రసమే తీస్తాను, నువ్విచ్చిన వానపాముల్లోంచే."

పెరట్లో నాన్న తొట్టి ఉంది. వంకాయ మొక్కలకి ఎరువు కోసం మావయ్యే రెండేళ్ళ కిందట ఇచ్చాడు. చెయ్యి పెట్టి పది వానపాముల్ని తీసి, కడిగి, అమ్మ స్టీలు కంచంలో వేశాను.

"ఆ కంచంలో మీ నాన్న తింటాడే!" అని అరిచింది అమ్మ.

నాన్న కరెంటు పరీక్షకి వాడే మల్టీమీటరులోంచి తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీశాను. రెండు తీగలు తగిలించి, తడి కంచం మీద ఒకటి ఇటు, ఒకటి అటు ఆనించాను. వానపాములు ఒక్కసారి మెలికలు తిరిగి, పసుప్పచ్చటి జిగురు వదిలాయి. వాసన వరండా దాటి వంటింట్లోకి వెళ్ళింది. మా అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ బార్లా తెరిచింది. మావయ్య మాత్రం నిశ్చింతగా ఇంకో జిలేబీ తీసుకున్నాడు.

ఆ జిగురుని సెలైన్‌తో పలచన చేసి రెండు సగాలు చేశాను. ఒక సగాన్ని అమ్మ హోమియో మాత్రల ఖాళీ సీసాలో పోసి, టీ గిన్నెలో నీళ్ళు పెట్టి, నీళ్ళు తెర్లుతుంటే అందులో నిలబెట్టాను. రెండో సగం పచ్చిగానే ఉంచాను.

"రక్తం కావాలి," అన్నాను.

నాన్న చెయ్యి చాపాడు. "నాది తీసుకో. రోజూ సుగరుకి పొడుచుకునేదే గదా."

పొడిచి, వేలు పిండుతుంటే పది చుక్కలు వచ్చాయి. గ్లాసుడు కాదు, గుక్కెడు సెలైన్‌లో కలిపితే గులాబీ రంగు మజ్జిగలా చిక్కగా, మసగ్గా తయారైంది. దాన్ని మూడు హోమియో సీసాల్లోకి పోశాను. మందు సీసా మీది కాగితం ఊడదీసి, ప్రెషర్ కుక్కరుకి ఆనించి, మూడు సీసాల్నీ దాని ముందు నిలబెట్టాను. కాగితం మీద హిందీలో నా పేరు లావుపాటి అక్షరాల్లో ఉంది. మూడు సీసాల్లోంచీ ఏమీ కనబడటం లేదు, మసక తప్ప.

"మొదటి సీసాలో ఏమీ వెయ్యను. రెండో దాంట్లో పచ్చి రసం. మూడో దాంట్లో కాచి చల్లార్చిన రసం. ఇంక చూస్తూ కూచోండి."

వాళ్ళు కూచున్నారు. నాన్న కళ్ళు సీసాల మీదే ఉన్నాయి. షెడ్డులో ఇంజను చప్పుడు వినేటప్పుడు కూడా ఇలాగే కదలకుండా ఉంటాడని అమ్మ చెప్పేది.

"ఏటవుద్ది?" అన్నాడు.

"రక్తకణం చుట్టూ ఒక పల్చటి కొవ్వు పొర ఉంటుంది నాన్నా. అందులో ఒక రకం కొవ్వు మనలాంటి జంతువులకే ఉంటుంది. సూక్ష్మజీవులకి ఉండదు. ఈ రసంలో ఒక ప్రోటీన్ ఆ కొవ్వుని వెతుక్కుని దాని మీద వాలుతుంది. ఒకటి వాలితే ఏమీ కాదు. తొమ్మిది చేరి గుండ్రంగా బిగుసుకుంటాయి. మధ్యలో కన్నం పడుతుంది."

"వాషరు లాగ."

"వాషరు లాగే. కన్నంలోంచి నీళ్ళు లోపలికి పోయి, కణం ఉబ్బి, పగిలిపోతుంది."

"మరి రోగాన్ని సంపుద్దన్నావు?"

"అది నిజమే. ఆ పని చేసేది ఇదే రసంలో ఉన్న వేరే చిన్న ముక్క. దానికి వేడి తగిలినా ఏమీ కాదు. ఈ వాషరు ప్రోటీన్‌కి వేడి తగిలితే అది చచ్చిపోతుంది."

"అంటే కాస్తే రక్తానికి ఏటీ కాదు," అన్నాడు నాన్న మెల్లగా. "కాయకపోతే అవుద్ది."

"ఔను."

"నువ్వు ఏది సూసి రాసినావు?"

ఇందాక సిగ్గుగా ఉందన్నానే, ఆ సంగతి ఇదే. వినండి. నా గది పక్కనే ఆఫీసు. వాసనకి వాళ్ళు నా మీద దరఖాస్తు పెట్టారు. నా టిఫిన్ డబ్బా ఉన్న టేబులు దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. తోర్వా వెళ్ళే ఆటోలో ఒకావిడ నా పక్కన కూచుని, లేచి, వానలో దిగిపోయింది. ఎవరేమన్నా పడొచ్చు, కానీ నాకే నా చేతులంటే రోత పుట్టింది. ఒకరోజు రసం గొట్టాన్ని వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచాను. వాసన సగానికి సగం పోయింది. సూక్ష్మజీవుల మీద వేసి చూస్తే ఎప్పట్లాగే చంపింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ రోజు నుంచీ ముందు కాచి, తర్వాతే పని మొదలుపెట్టేదాన్ని. రక్తం పరీక్ష దగ్గరికి వచ్చేసరికి అది నాకు చెయ్యి కడుక్కోవడం లాంటి అలవాటైపోయింది.

"కాచినది చూసి రాశాను," అన్నాను. "వాసన భరించలేక కాచాను నాన్నా."

నాన్న వేలితో చూపించాడు.

నడిమి సీసాలో మసక విడిపోతోంది. ముందు పైన, తర్వాత కింద. గులాబీ రంగు మజ్జిగ పోయి, షర్బత్ లాంటి తేటటి ఎరుపు మిగిలింది. దాని వెనక లావుపాటి నల్లటి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నాన్న ముందుకి వంగి, హిందీ కూడబలుక్కుని చదివాడు. "ప్ర... సూ... న." అటూ ఇటూ ఉన్న రెండు సీసాలూ మసక మసగ్గానే ఉన్నాయి.

నా పేరు మా నాన్న రక్తంలోంచి అంత స్పష్టంగా కనబడుతుందని నేననుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అందరికంటే ముందు తేరుకున్నది మావయ్య. "ఓస్, ఇంతేనా!" అన్నాడు. "అయితే కాసి అమ్ముతాను. బస్. ఒక గ్యాసు బండ ఎక్కువవుద్ది, అంతే గదా. నీ కాయితమూ నిజమైపోద్ది, నా మందూ నిజమైపోద్ది. ఇంత దానికి బావ రక్తం తీయాలేటి?"

"ఇప్పటిదాకా పచ్చిది పూసుకున్నవాళ్ళ సంగతి?"

"ఎవలి పుండు ఆల్లది. ఇన్నాళ్ళల్లో ఒక్కడొచ్చి అడిగినాడా? సుగరు కాళ్ళు ఎలాగూ పోయీవే. మనం కాకపోతే డాక్టరు తీసేత్తాడు."

బావ కాలు ఎదురుగా స్టూలు మీద ఎర్రనీళ్ళు కారుతుండగా ఈ మాట అని, పొట్లంలో చెయ్యి పెట్టాడు. వానపాము జిగురు నాకు రోత పుట్టించిందని ఇందాకట్నుంచీ చెబుతున్నాను కదా, వెనక్కి తీసుకుంటున్నాను. అది దాని ప్రాణం కాపాడుకోవడానికి కారుస్తుంది. ఇతనికి ఏ కంగారూ లేదు.

అమ్మ లేచింది. మా అమ్మ అసిరమ్మ పుట్టింటివాళ్ళని ఒక్క మాట అనగా నేను వినలేదు. కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళి, వానపాముల్ని జాగ్రత్తగా తొట్టిలో వదిలి వచ్చింది. ఆ జిగురు కంచం తమ్ముడి చేతిలో పెట్టింది.

"అప్పా, ఇదేటి?" అని అక్క మొహంలోకి చూశాడు.

"తీసికెల్లు. దీన్లో నువ్వే తిను. కడక్కుండా తిను. నా మొగుడి కాలు పోయీదే అన్నావు, అదే నోటితో నన్ను అప్పా అనకు. లెగు. నా గుమ్మం ఎక్కకు."

మావయ్య బావ వైపు చూశాడు. బావ సీసాల వైపు చూస్తున్నాడు. స్కూటీ వెళ్ళిపోయింది. అమ్మ జిలేబీలు కాలవలో పారేసి, చేతులు కడుక్కుని, కడుక్కుని, మళ్ళీ కడుక్కుంది.

*

బేసిన్‌లో సెలైన్ పోసి నాన్న పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పసుపు పూతంతా తుడిచేస్తే ఆ వేలు ఇంకా నల్లగా కనబడింది. గోటితో నొక్కి చూశాను. నాన్నకి తెలియలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఆయన అటెటో చూస్తున్నాడు.

"నాన్నా, ఆసుపత్రికి పోదాం. ఇప్పుడే. అమ్మా, ఆటో పిలువు."

"ఆగు," అన్నాడు నాన్న. "పాపా, మా షెడ్డులో రిపేరు పుస్తకం ఉంటాది, నీకు తెల్సు గదా. చిన్నప్పుడు నా పక్కన కూచుని బొమ్మలేసీదానివి అందులో."

"తెలుసు."

"బేరింగు వేడి సేసి ఎక్కించినామనుకో. వేడి సేసి ఎక్కించినాం అని రాయాలి. ఎంతసేపు సేసినామో రాయాలి. సన్నీళ్ళు పడితే పడ్డాయని రాయాలి. సిగ్గుపడీ పని సేసినా రాయాలి. రాయకపోతే ఎనకొచ్చిన షిఫ్టోడికి తెల్దు. మూడో రోజు ఇంజను లైన్లో నిలబడిపోద్ది, ఎందుకు నిలబడిందో ఎవలికీ తెల్దు." నా కళ్ళలోకి చూశాడు. "నీ కాయితంలో కాసినట్టు రాసినావా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణం నా దగ్గర ఉంది.

"రాయలేదు నాన్నా. వాసన భరించలేక కాచానని సైన్సులో ఎలా రాయను? నవ్వుతారని రాయలేదు."

నాన్న తన పాదాన్ని నా చేతుల్లోంచి వెనక్కి తీసుకున్నాడు. గట్టిగా లాక్కోలేదు, విసురుగా కూడా తీసుకోలేదు. తడి పాదాన్ని మళ్ళీ స్టూలు మీద పెట్టుకున్నాడు. నా చేతులు బేసిన్ మీద ఖాళీగా ఉండిపోయాయి.

"రమణగాడిని తిట్టినాం," అన్నాడు. "ఆడు తిట్లు తినాల్సినోడే. కానీ ఆడికి కాయాలని ఎవలు సెప్పినారు? రాసుంటే ఆడు కాసీవోడు గదా. నాను పూసుకునేముందు ఆ కాయితం రెండుసార్లు ఇన్నాను పాపా. నాకు ఇంగ్లీషు రాదు, షెడ్డులో కుర్రోడి సేత సదివించుకున్నాను. కాసినట్టు ఎక్కడా నేదు."

ఏడవడానికి కూడా మొహం లేదు నాకు. "తర్వాత అన్నీ దిద్దుతాను. ముందు ఆసుపత్రి. ఆ వేలు చచ్చిపోతోంది. సాయంత్రం దాకా ఆగితే పాదానికి ఎక్కుతుంది."

"ముందు సెప్పు. మీ సారుకి సెప్పు. అప్పుడు లెగుస్తాను."

"బుధవారం థీసిస్ ఇవ్వాలి నాన్నా! ఇప్పుడు చెబితే నాలుగేళ్ళూ పోతాయి."

"నాను ఆసుపత్రికెల్తే ముప్పై నాలుగేళ్ళూ పోతాయి. అన్‌ఫిట్ రాయించుకుంటాను. దానికి నాను సిద్ధమే. నువ్వు?"

"ఈ మొండితనమేటి మావా," అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి మావా అంటారు, ఆవిడ ఆయన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. "కాలు పోతంటే పంతాలేటి? లెగు!"

నాన్న లేవలేదు. చేతులు కట్టుకుని కూచున్నాడు. పుండులోంచి ఒక ఎర్రటి బొట్టు స్టూలు అంచు దాకా జారి నేల మీద పడింది. ఇంకోటి వచ్చింది. నేను మూడో దాని కోసం ఆగలేదు. తడి చేతులతోనే ఫోన్ తీశాను. రాఘవయ్య గారు మా గైడు. వరంగల్ మనిషి, నెమ్మదస్తుడు, నా మీద ఒక్కసారి గొంతు పెంచి ఎరగడు. ఆదివారం పూట ఆయనకి ఫోన్ చెయ్యడం ఇదే మొదలు.

"స్పీకర్లో పెట్టు," అన్నాడు నాన్న.

పెట్టాను. నాలుగు రింగులకి ఎత్తారు. "ఏమ్మా ప్రసూనా, సండే కూడా పనేనా?"

"సార్, ఒక తప్పు చేశాను." ఒకే ఊపులో చెప్పేశాను. "మూడో అధ్యాయంలో రక్తం పరీక్షలన్నీ కాచిన రసంతో చేశాను. కాచానని రాయలేదు. పచ్చి రసం రక్తకణాల్ని పగలగొడుతోంది. నిన్న మేక రక్తంతో చూశాను, ఇవాళ మనిషి రక్తంతో చూశాను. ఆ పేజీ చూసి బయట మందు అమ్ముతున్నారు సార్. మనుషులు పూసుకుంటున్నారు. థీసిస్ ఆపేద్దాం. నేను తిరగరాస్తాను."

అటువైపు టీవీలో పాట ఆగిపోయింది. ఆయన లేచి వేరే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నట్టు వినిపించింది.

తిడతారనుకున్నాను. లేదా అంత పనెందుకు చేశావమ్మా అని బాధపడతారనుకున్నాను. నాలుగేళ్ళుగా నాకు తెలిసిన మనిషి ఈ రెంటిలో ఏదో ఒకటి చెయ్యాలి.

"కాచావని నాకు తెలుసమ్మా," అన్నారు రాఘవయ్య గారు, ఎప్పటిలాంటి మెత్తటి గొంతుతో. "మొదటి ఏడాదే తెలుసు. పచ్చిదానితో ఏమవుతుందో నేను చేసి చూసుకున్నాను కూడా." గొంతు తగ్గించారు. "నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?"

నేను జవాబు చెప్పేలోపే కుర్చీ కిర్రుమంది. నాన్న ఆ నల్లబడ్డ కాలు నేల మీద ఆనించి, అమ్మ భుజం పట్టుకుని, నిటారుగా లేచి నిలబడ్డాడు. నా చేతిలోని ఫోన్ మీదికి వంగాడు.

"ఉన్నాను సార్," అన్నాడు. "ఎర్రయ్యని. మందు పూసుకున్నోడిని. మీరు సెప్పండి, ఇంటన్నాను."